పసుపే గదా

బిడ్డ పడుకున్న తొట్టెల దగ్గర ఎవరో నిలబడి ఉండటం చూసి కావేరి చేతిలోని చాట వదిలేసింది.

ఆర్మూర్ పసుపు షెడ్డులో సీజన్ వచ్చిందంటే మనిషికీ గోడకీ తేడా ఉండదు. పసుపు కొమ్ముల పాలిష్ డ్రమ్ము తిరిగితే చాలు, జుట్టు, చీర, తాగే నీళ్లు అన్నీ పచ్చనే. పనికొచ్చిన తల్లులు పాత చీరలతో గుంజలకు తొట్టెలలు కట్టి పిల్లల్ని పడుకోబెడతారు. ఆ పిల్లలూ పచ్చనే.

అలాంటి చోట ఆ ఆడమనిషి చీర ఒక్కటే తెల్లగా ఉంది.

ఆమె ఎవరినీ దారి అడగలేదు. నేరుగా మూల గుంజ దగ్గరికి వచ్చి, కొంగు తడిపి, కావేరి బిడ్డ నుదురు తుడుస్తోంది. కొంగు చూసుకుంటోంది. మళ్లీ తుడుస్తోంది.

కావేరి పరుగెత్తింది. ఇంకా మెడ నిలవని పసిగుడ్డు. పైగా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పొద్దున్నే అందరి ఫోన్లలోకీ వీడియో వచ్చింది.

"ఎవలు నువ్వు? నా బిడ్డతోని నీకేం పని?"

"పసుపు పోతలేదు బిడ్డా." ఆమె కొంగు చూపించింది. "జర కండ్లు జూడు. దవాఖానకు తీస్కపో."

"పొద్దుగాలనే పసుపు రాసి తానం పోసిన. పసుపే గదా."

ఆ మాట వినగానే ఆమె కావేరి చేతులు పట్టుకుంది.

మేస్త్రీ తుకారాం వచ్చాడు. కూలీలంతా మూగి, ఏ ఊరని, పేరేంటని తలో మాట అడిగారు. ఆమె ఏదో చెప్పబోయింది. ఇంతలో అందరికంటే పెద్దదైన వెంకవ్వ ముందుకొచ్చింది.

"నీకు పిల్లల్లేరా?"

ఆమె తల దించుకుంది.

ఇంకేం, దొంగేనని తేలిపోయింది. తీర్పు చెప్పడానికి మన జనానికి అంతకంటే ఏం కావాలి? తుకారాం ఆమెను జబ్బ పట్టి గేటు బయటికి నెట్టాడు. కిందపడి లేచి, మట్టి కూడా దులుపుకోకుండా, ఆమె చాలాసేపు తొట్టెల వంకే చూసింది.

ఆ సాయంత్రం కావేరి బిడ్డకు దిష్టి తీసి, ఒళ్లంతా మళ్లీ పసుపు రాసింది.

అప్పటి నుంచి బిడ్డను ఎవరి కంటా పడనివ్వలేదు. తూకం వేయాలి, బిడ్డను తీసుకురమ్మని అంగన్‌వాడీ టీచర్ పూర్ణిమ కబురు మీద కబురు పెట్టింది. కావేరి వెళ్లి బాలింతలకిచ్చే గుడ్లు, పాలు తెచ్చుకునేది. బిడ్డ ఏర్గట్లలో అమ్మమ్మ దగ్గర ఉందని అబద్ధం చెప్పేది. బిడ్డను కాపాడుకుంటున్నాననే అనుకుంది పిచ్చితల్లి.

బిడ్డ పాలు తాగడం తగ్గింది. పొట్ట ఉబ్బింది. విరేచనం సున్నంలా తెల్లగా అవుతోంది.

అనుమానమొచ్చి పూర్ణిమే ఒకరోజు ఇంటికి వచ్చింది. బిడ్డను వాకిట్లో వెలుతురులోకి తెచ్చి, సబ్బుతో కడిగి, కనురెప్పలు తెరిచి చూసింది.

"కండ్లల్ల గూడ పసుపు రాసినవా కావేరీ?" అంది మెల్లగా.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో డాక్టర్ బిడ్డవి పచ్చకామెర్లన్నాడు. కాలేయం నుంచి పిత్తం దిగే దారి పుట్టుకతోనే మూసుకుపోయిందట. మొదట్లోనే తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లమని, ఇప్పుడు కాలేయమే పాడైపోయిందని చెప్పాడు.

బిడ్డ వానాకాలం చూడలేదు.

మరుసటి ఏడు కొత్త పసుపు రాగానే కావేరి షెడ్డుకు వచ్చింది. పనికి కాదు. ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. తుడిస్తే పసుపు ఊడిందో లేదో తెలియాలంటే కొంగు తెల్లగా ఉండాలి.

మూల గుంజకు ఎవరిదో తొట్టెల ఊగుతోంది. కావేరి కొంగు తడిపి, వంగి బిడ్డ నుదురు తుడిచింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎవలు నువ్వు? నీకు పిల్లల్లేరా?"

కావేరి తల దించుకుంది. పోయిన ఏడు వచ్చిన ఆ తెల్లచీర ఆమె కూడా ఒకప్పుడు ఇదే గుంజకు తొట్టెల కట్టి, పసుపే గదా అనుకున్న తల్లేనని అప్పుడు తెలిసింది.