నాలుగు మూలల లెక్క

పెద్ద వరదకి మూడో ఏడు. ఆ వరదలో ఉబ్బి, అప్పట్నుంచీ మూసుకోని పంతులమ్మ గది తలుపుని వడ్రంగి తాత చిత్రిక పడుతున్నాడు.

తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చింది. పక్క గదిలో నాలుగు మూలలా నాలుగు కంప్యూటర్లు. నలుగురు పిల్లలకి నాలుగు రంగులు. ఏ మూల రాసినా అన్ని తెరల మీదా కనబడుతుంది. నోటితో మాట్లాడకూడదు, రాసుకుంటూనే లెక్క తేల్చాలి. పెద్దవాళ్ళు ఆ గదిలో కాలు పెట్టకూడదు. ఆ రూలు ఆఫీసరమ్మదే.

"నలుగురూ కలిసి చెయ్యలేకపోతే ఇవాళే వీటిని ఇంకో బడికి పంపించేస్తాను," అంది.

పంతులమ్మ నుదురు తుడుచుకుంది. ఇద్దరూ పంతులమ్మ గదిలోని తెర ముందు కూర్చున్నారు.

తిన్నగా నలభై అడుగుల కంచె. ఎనిమిది అడుగులకో గుంజ. ఎన్ని గుంజలు కావాలి?

ఎర్ర అక్షరాలు ఎగిరిపడ్డాయి. "ఐదు! ఇదీ ఒక లెక్కేనా?"

కాసేపటికి నీలం. "నీ తొందర తగలెయ్య! మొదటి గుంజ ఎవరు పాతుతారు, మీ తాతా?"

వడ్రంగి తాత నవ్వాపుకున్నాడు. ఎరుపు ఆయన మనవరాలి రంగు. అచ్చం దాని నోరే.

ఆకుపచ్చ బొమ్మ గీసింది. ఆరు గుంజలు, మధ్యలో ఐదు సందులు.

పసుపు నెమ్మదిగా వచ్చింది. "నాకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పరూ?"

నీలం ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. "సరేలే, ఆరు," అని ఎరుపు దిగొచ్చింది.

"నేనూ ఐదే అనుకున్నాను!" ఆఫీసరమ్మ నాలిక్కరుచుకుంది. "ఒకరు రాస్తుంటే ఒక్కరూ అడ్డురావట్లేదు చూశారా? మా ఆఫీసు మీటింగుల్లో ఈ పద్ధతేదీ?"

పక్క గదిలో దడదడ అడుగులు.

"ఆ పరుగులేంటమ్మా?"

"హుషారండీ. కుదురుగా కూర్చునే వయసా?"

ఆఫీసరమ్మ నవ్వి సంతకం పెట్టింది. "కంప్యూటర్లు ఇక్కడే ఉంటాయి. ఈ వారమంతా రోజూ చేయించండి. మా ఆఫీసులోంచి నేను చూస్తుంటాను."

పంతులమ్మ వడ్రంగి తాత వంక చూసింది. ఆయన తలుపు వంక చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన, మూడు రోజులుగా కళ్ళకలకతో ఇంట్లోనే ఉన్న మనవరాలికి కళ్ళలో చుక్కలు వేసి, బడికొచ్చి కంప్యూటర్ల గదిలో ఒక కుర్చీకి చక్రాలు బిగించాడు: దానికీ, దాన్నుంచి అంటించుకున్న మిగతా ఇద్దరికీ తగ్గేదాకా, ఆ నీలం పిల్ల ఒక్కతే నాలుగు మూలలకీ ఎంతకని పరిగెడుతుంది, పాపం!