ట్రైలర్ కోసం వచ్చే అవ్వ

తెర మీద అసలు సినిమా పేరు పడగానే బాల్కనీలో ఒక ముసలామె లేచి బయటికి నడిచింది.

పక్క వరుసలో ఉన్న పర్వతాలు అనే యువకుడికి వింతగా తోచింది. సినిమా వదిలేసి ఆమె వెనకే వెళ్లాడు.

నల్లగొండలో అతనిది సెల్‌ఫోన్ల దుకాణం. అయితే జనానికి అతను తెలిసింది దుకాణం వల్ల కాదు, యూట్యూబ్ చానల్ వల్ల. ఎండలు ముదిరే ముందు ఏటా ఒక వీడియో పెడతాడు. రాబోయే సినిమాల్లో ఏది చూడాలో, ఏది వదిలేయాలో అందులో చెప్తాడు.

"ప్రతి ఐతారం గింతే," అన్నాడు గేటు దగ్గర టికెట్లు చింపే ఖమర్. "మర్రిగూడకెళ్ళి బస్సుల వస్తది. మెడ పైకి లేవదు, గందుకే బాల్కనీ. ట్రైలర్లు చూస్తది, పోతది."

పర్వతాలు మెట్ల మీద ఆమెను అందుకున్నాడు.

"అవ్వా, సినిమా ఇడిసిపెట్టి పోతున్నవేంది?"

"నేను చూసేది అయిపోయింది బిడ్డా."

"ఏం చూసినవ్?"

"గా అగ్గివాగు."

ఆ వేసవికి పెద్ద సినిమా అదే. మండుతున్న మిద్దె మీది నుంచి హీరో దూకే ముక్క కోసం జనం ఆ ట్రైలర్‌ను మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

"హీరో అంటే గంత పాణమా?"

"హీరో ఎవలో నాకేమెర్క? దుంకేటప్పుడు ఒక్క రెప్పపాటు మొఖం ఇటు తిరుగుతది. చూసినవా?" ఆమె కళ్లు మెరిశాయి. "జర మంచిగ చూడు. కనపడ్తది."

ఇంటికి పోయి ట్రైలర్‌ను ఆపి ఆపి చూశాడు.

నిజమే. మంటల మధ్య ఇటు తిరిగిన ముఖం హీరోది కాదు. ఎవరో డూపుది.

ఇంతమంది చూశారు, ఒక్కరికీ దొరకలేదు. పర్వతాలుకు పండగే అయింది.

ఆ పూటే వీడియో చేశాడు.

"మొదటిది ముగ్గురు అల్లుళ్ల సినిమా. ఇంటిల్లిపాది పోవచ్చు, ఇంటర్వెల్‌కే ఇంటికి రావచ్చు. రెండోది దయ్యం సినిమా. దయ్యానికి గాదు, ఏసీకి పోండ్రి. ఇగ అగ్గివాగు. కోట్లు పెట్టి తీసిండ్రంట, డూపు మొఖం దాచ చాతగాలే! ఎవడు వీడు? ఎక్కడికెళ్ళి పట్టుకొచ్చిండ్రు?"

ఆ ముఖం చుట్టూ ఎర్రటి సున్నా గీశాడు. వెనక పదిమంది పగలబడి నవ్వే చప్పుడు పెట్టాడు.

మూడు రోజుల్లో ఆ నవ్వు రాష్ట్రమంతా పాకింది.

నాలుగో రోజు సినిమా వాళ్ల దగ్గరి నుంచి ఫోనొచ్చింది.

"థాంక్స్ తమ్ముడూ, మేం చూసుకోలేదు. మార్చేస్తున్నాం."

"గా డూపు ఎవలన్నా?"

"ఎవరో కుర్రాడు. ఇప్పుడు లేడులే."

పని మానేసి పోయాడేమో అనుకున్నాడు పర్వతాలు.

వారం తిరక్కుండానే కొత్త ట్రైలర్ వచ్చింది. ఇప్పుడు మంటల్లో తిరిగిన ముఖం హీరోదే. కంప్యూటర్లో అతికించారు. పాతది ఎక్కడా లేకుండా తీసేశారు.

దోస్తులు పర్వతాలుకు శాలువా కప్పారు.

ఆ ఆదివారం అతను టాకీసుకు పోయేసరికి అవ్వ గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏంది కొడుకా, ఇయ్యాల ట్రైలర్ తప్పుది ఏసిండ్రా?" అని ఖమర్‌ను అడుగుతోంది.

పర్వతాలు నవ్వుతూ ముందుకొచ్చాడు.

"తప్పుది గాదవ్వా. తప్పును తీసేయించిన. నువ్వు చెప్తెనే నాకు దొరికింది!"

"నేను చెప్తెనా?"

"ఔ. పేరు నాకొచ్చింది గని, పట్టింది నువ్వే."

ఆమె హాలు తలుపు వైపు చూసింది.

"మల్ల పెట్టరా బిడ్డా?"

"ఎందుకు పెడ్తరు? సినిమాల గూడ ఉండదు. ఇగ నా వీడియోలనే ఉంది, చూడు."

ఫోన్ తీసి చూపించాడు. ఎర్ర సున్నాలో ముఖం ఆగింది. నవ్వులు మోగాయి.

ఆమె ఆ ముఖం మీద వేలు పెట్టింది. వేలు జరిగి వీడియో ముందుకు పోయింది.

"మస్తు నవ్వుతున్నరు," అంది.

ఫోన్ అతని చేతిలో పెట్టి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

పేరు తనకు రాలేదని అలిగిందనుకున్నాడు పర్వతాలు.

ఆ తర్వాత ఆమె రాలేదు. అగ్గివాగు విడుదలైన రోజు అతను రెండు బాల్కనీ టికెట్లు తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఎవలికోసం?" అడిగాడు ఖమర్.

"అవ్వ కోసం. తప్పు పట్టిన అవ్వ అని వీడియో జేస్త. లోకమంత చూస్తది."

"రాదు."

"ఎందుకు రాదు?"

ఖమర్ వచ్చేవాళ్ల టికెట్లు చింపుతూ ఉండిపోయాడు. పర్వతాలు అతని చెయ్యి పట్టి ఆపాడు.

"చెప్పు భాయ్. నా మీద కోపమొచ్చిందా?"

"కోపమా? ఆ రోజు నువ్వు లోపలికి పోయినంక గీ మెట్ల మీదనే కూసుంది. అన్నీ చెప్పింది. నీకు మాత్రం చెప్పొద్దని నా చెయ్యిల చెయ్యి ఏయించుకుంది. పిలగాడు తెల్వక జేసిండు, తెలిస్తె ఫికర్ జేస్తడన్నది."

"ఏం తెలిస్తె?"

లోపల మొదటి ఆట మొదలైంది. ఈలలు బయటికి వినిపిస్తున్నాయి.

"గా మంటల్ల దుంకింది అవ్వ కొడుకే," అన్నాడు ఖమర్, అతని ముఖం చూడకుండా, "గదే ఆఖరి దుంకుడాయె, పెట్టె మూసి తెచ్చిచ్చిండ్రు, మొఖం గూడ చూడనియ్యలే."