పౌడరు మీద గీతలు

మల్లప్ప కారు ఆగిన చోట నేల మీద మళ్లీ నల్లని మచ్చ పడింది.

ఆ పాత అంబాసిడర్ పుంగనూరులోని గఫూర్ షెడ్డుకు రావడం ఆ నెలలో అది నాలుగోసారి.

"మూడు తూర్లు ప్యాకింగులు మార్చినావు. మా ఇంట్లోవాళ్లు నిమ్మకాయలు గూడా కట్టిరి. ఆయిలు మాత్రం కారతానే ఉండాది," అన్నాడు మల్లప్ప. మదనపల్లెలో అతనికి టమాటా మండీ ఉంది. "సాయంత్రానికి నిలిచిందా, సరే. లేదంటే రేపు కుప్పం తోలుకుపోతా. ఆడ నరసింహప్ప అని ఒక మేస్త్రీ ఉండాడంట."

బంపరుకు వేలాడే నిమ్మకాయ వల్ల ఆయిలు కారడం ఆగిందని ఏ మెకానిక్కూ ఇంతవరకు చెప్పలేదు. గఫూర్‌కూ ఆ ఆశ లేదు.

అతన్ని కాల్చింది ఆ పేరు.

పదేళ్లుగా గఫూర్ ఎంత బాగా పనిచేసినా, గిరాకీలు "అచ్చం కుప్పం నరసింహప్ప చేసినట్టే ఉండాది" అని మెచ్చుకునేవారు. మెప్పులో సగం ఏనాడూ కంటపడని ఆ మనిషికే పోయేది. మిగిలిన సగం గఫూర్‌కు చేదుగా ఉండేది.

మల్లప్ప పని మీద ఊళ్లోకి వెళ్లాడు.

షెడ్డు ముందు కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. భుజాన గుడ్డసంచి. కారు పక్కభాగాన్ని చేత్తో నిమురుతూ ఇంజను దాకా వచ్చాడు.

"దీనికి స్నానం చేయించినావా అప్పా?"

"యాల? పెండ్లిచూపులకు పోతాండాదా?"

"కిరసనాయిలుతో బాగా కడుగు. మురికి మీద జాడ నిలవదు."

ఇక వేరే దారి లేక గఫూర్ కడిగి ఆరబెట్టాడు. ముసలాయన సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు.

"ఎవురికి పెద్దాయనా, నీకా బండికా?"

"ముందు బండికి."

ఇంజను చుట్టూ వేళ్లతో తడుముతూ పలుచగా పౌడరు చల్లాడు. పదినిమిషాలు నడిపి ఆపమన్నాడు.

"ఇప్పుడు సెప్పు. తెలుపు మీద నల్లగీత యాడుండాది?"

గఫూర్‌కు ఒళ్లు మండింది. తన షెడ్డులో తనచేతనే పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు!

"నువ్వే సూడరాదా?"

"నువ్వు సూసి సెప్పప్పా. నేను ఇంటా."

"పైమూత కింద ఒకటి. పక్కమూత కాడ ఒకటి. ఎనకాల ఇంకోటి."

"మూడు తావులా?" ముసలాయన ముఖం విప్పారింది. "మూడు ప్యాకింగులూ ఒక్కతూరే చెడవు. లోపలి గాలికి దారి మూసుకపోయింది. అది దొరికిన సందులోంచల్లా ఆయిలును తోస్తాండాది. ఊపిరి గొట్టం విప్పు."

గఫూర్ గొట్టం విప్పి తీగ దూర్చాడు. కందిరీగ కట్టిన మట్టిగూడు పొడిపొడిగా రాలింది.

మళ్లీ కడిగి, పౌడరు చల్లి, మదనపల్లె దారిలో ఐదు మైళ్లు తిప్పి తెచ్చాడు. తెలుపు తెలుపుగానే ఉంది.

సంతోషించవలసిన సమయమది. కానీ గఫూర్ చేతిగుడ్డను విసురుగా బల్ల మీద పడేశాడు. కుప్పంవాడు ఒక్కడు చాలడని, ఇప్పుడు దారినపోయే ముసలాడు కూడానా? అందుకే ఆయన పేరు అడగలేదు. అడిగితే గౌరవించినట్టవుతుంది.

సాయంత్రం మల్లప్ప కారు కిందికి వంగి చూశాడు.

"భలే! ఎవురు కనిపెట్టింది?"

"ఇంకెవురు? నేనే," అన్నాడు గఫూర్, ముసలాయన వైపు తిరగకుండా.

"అవునప్పా," అన్నాడు ముసలాయన నింపాదిగా. "సూసిందంతా ఈయనే."

ఆ మాట భిక్ష వేసినట్టు తోచింది గఫూర్‌కు.

కారు వెళ్లిపోయాక ముసలాయన దగ్గరికి జరిగాడు.

"నిన్నొక మాట అడగాలని వస్తినప్పా."

"అదిగో బస్సు. ఎక్కి పో."

"యా ఊరిది?"

"కుప్పం అని ఇంతింత అక్షరాలతో రాసుండాది. సదువు రాదా?"

"రాదనుకో," అని నవ్వి, బస్సు చప్పుడు వచ్చిన వైపు నడిచాడు.

పౌడరు డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

రెండు నెలల తరువాత గఫూర్ ఆ డబ్బా జేబులో వేసుకుని కుప్పం వెళ్లాడు. ఈ విద్యను నరసింహప్ప ఎదుట ప్రదర్శించాలి. ఆయన ముఖం మాడిపోవడం కళ్లారా చూడాలి. అదొక్కటే కోరిక.

షెడ్డు తలుపు నరసింహప్ప భార్య నంజమ్మ తీసింది.

"మేస్త్రీ పోయి నెలాయ నాయనా."

ఆమె వెనుక బల్ల మీద ఖాళీ పౌడరు డబ్బాలు వరుసగా ఉన్నాయి. అన్నీ గఫూర్ జేబులో ఉన్నలాంటివే.

గఫూర్ తన డబ్బా తీసి వాటితో పోల్చి చూశాడు. ఆ డబ్బాను చూసి నంజమ్మ అడిగింది.

"పుంగనూరు గఫూరువా? ఈ షెడ్డు, సామాన్లు నువ్వు తీసుకుంటావేమో అడగాలనే మీ ఊరికొచ్చినాడు. 'నాకు కావల్సినోడు దొరికినాడు నంజమ్మా, నేనే ఆయప్పకు గిట్టలేదు' అన్నాడు."

"ఆయన మెచ్చేదానికి నేనేం చేసినానమ్మా?" అన్నాడు గఫూర్. "ఆయన అడిగితే గీతలు యాడుండాయో సెప్పినా, అంతే."

నంజమ్మ అతని చేతిలోని డబ్బా తీసుకుని, కొంగుతో తుడిచి, వరుసలో చివర పెట్టింది.

"రెండేండ్లుగా ఈడ ఆ గీతలు సెప్పేది నేనే నాయనా, ఆయనకు వెలుతురు తప్ప ఇంకేమీ కనపడేది కాదు."