కెప్టెన్ లేని ఆట

సుజన భద్రాచలంలో కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. సరిగ్గా సెమీఫైనల్ రోజే హైదరాబాదు క్లబ్బు ఆమెను శిక్షణకు రమ్మంది. ఆ పిలుపు మళ్లీ రాదు.

"నువ్వు పో అక్కా, మేం చూస్కుంటం," అంది గోల్‌కీపర్ తిరుమల.

బస్సు సారపాక దాటింది, కొత్తగూడెం దాటింది. సుజన కుదురుగా కూర్చోలేకపోయింది. తను లేక జట్టు ఓడిపోతుందేమోనని మాటిమాటికీ ఫోను చూసుకుంటోంది.

ఖమ్మం చేరుతుండగా తిరుమల ఫోన్ చేసింది.

"గెలిచినం అక్కా. నీ జాగాల ఆడిన కొత్త పిల్లనే రెండు గోల్స్ కొట్టింది. ఇగ నువ్వు రంది పెట్టుకోకు."

"మంచిగైందే," అంది సుజన.

ఫోను పెట్టేసి, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పొద్దుటి నుంచీ తను కోరుకుంటున్నది వాళ్ల ఓటమేనని అప్పటిదాకా ఆమెకు తెలియదు.