జలుబు మాత్రలు

"మీ అన్నయ్య కిడ్నీ తీసుకోవడం కుదరదమ్మా. ఆయన మూత్రంలో మత్తుమందు ఉన్నట్టు వచ్చింది," అన్నాడు డాక్టరు.

చెల్లెలు చప్పున కుర్చీలోంచి లేచింది. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేస్తే, సరిపోయింది అన్న కిడ్నీ ఒక్కటే. డయాలసిస్ కూడా ఒంటికి పడడం లేదు. ఇది తప్పిపోతే తను ఇక బతకదు.

అన్న తల పట్టుకుని కూర్చున్నాడు. గోడలకి రంగులేసుకుని బతికే మనిషి.

"అయితే ఇక నేను పనికిరానా డాక్టరు గారూ?"

"మత్తుమందు వాడేవాళ్లది తీసుకోమయ్యా."

"సరిపోయింది. ఈ మనిషినా నువ్వు నెత్తిన పెట్టుకుంది?" అన్నాడు చెల్లెలి మొగుడు, పళ్లు నూరుతూ.

"మీరు ఊరుకోండి," అని కస్సుమంది చెల్లెలు. "రెండో కప్పు టీ తాగితేనే తల తిరుగుతోందంటాడు. మా అన్నయ్యకి మత్తుమందా?"

అన్న కళ్లలో నీళ్లు చూసి ఆమె దగ్గరికొచ్చింది. రుమాలు కోసం అతని జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీ మాత్రల షీటు తగిలింది.

డాక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చదివాడు. "జలుబు మాత్రలు! ఇవి వేసుకుంటే మొదటి పరీక్ష ఒక్కోసారి పొరబడుతుంది, మత్తుమందే అనేస్తుంది. అదే శాంపిల్‌ని పెద్ద మిషన్లో పెడితే నిజం తేలిపోతుంది."

"పెట్టించండి, మీకు పుణ్యముంటుంది," అని చేతులు జోడించింది చెల్లెలు. అన్న వైపు తిరిగి, "జలుబు చేసిందని ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నయ్యా," అంది.

అన్న ఆ ఖాళీ షీటు తీసుకుని మళ్లీ జేబులో కుక్కుకున్నాడు.

రెండు రోజులు అతనికి ముద్ద దిగలేదు, కంటి మీద కునుకు లేదు. ఆసుపత్రి వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. పెదాలు కదుపుతూ ఏదో మొక్కుకుంటూనే ఉన్నాడు. చెల్లెలి మొగుడికే జాలేసింది.

"నేను తొందరపడి నోరు జారాను బావా. అంతా మంచే జరుగుతుంది, ధైర్యంగా ఉండండి," అని భుజం తట్టాడు.

మర్నాడు డాక్టరు నవ్వుతూ వచ్చాడు. "మత్తుమందూ లేదు, ఏమీ లేదు. రేపు పొద్దున్నే ఆపరేషన్."

చెల్లెలు అన్న భుజం మీద వాలి ఏడ్చింది. అన్న ఆమెకన్నా ఎక్కువ ఏడ్చాడు, ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. తోడబుట్టినవాడంటే ఇలా ఉండాలంటూ నర్సు కూడా కళ్లు ఒత్తుకుంది.

అసలు జలుబే చెయ్యని ఆ అన్న, ఇవ్వనని చెల్లెలి ముఖం మీద అనలేక, పరీక్ష తప్పితే చాలనుకుని ఆ షీటు మొత్తం మింగాడు.