పై వరుస పూలు

"కోర్డోబా పాతపేటలో మండువా ఇల్లు ఇంత చవగ్గా ఎవరిస్తారు? ఏదో మతలబుంది," అని భార్య బెలేన్ చెవిలో గొణిగాడు ఫెర్మీన్.

"నేను పోయేదాకా ఇందులోనే ఉంటాను. తర్వాత ఇల్లు మీది. అదొక్కటే షరతు," అంది ఇల్లమ్ముతున్న ముసలావిడ కసిల్దా. ఆ వెంటనే రుమాలు అడ్డం పెట్టుకుని ఒకటే దగ్గు.

ఫెర్మీన్ మొహం వెలిగిపోయింది. "డాక్టరేమన్నాడు పెద్దమ్మా?"

"ఏమంటాడు బాబూ! చెయ్యి పైకి లేవదు. సాయానికి నరపురుగైనా లేదు."

"రెండు ఎండాకాలాలు కూడా గట్టెక్కదు," అని గుసగుసలాడుతూ బయానా కాగితం ముందుకి లాక్కున్నాడు ఫెర్మీన్.

బెలేన్ అతన్ని అసహ్యంగా ఓ చూపు చూసింది. మంచినీళ్ళు తెస్తానని మండువాలోకి వెళ్ళింది.

సున్నం వేసిన గోడ నిండా పూలకుండీలే. మేడ అంచున ఉన్న పై వరుసలోంచి నీళ్ళు ఇంకా బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కింద గోడకి ఆనించి, వాటికి నీళ్ళు పోసే పొడుగాటి గడకర్ర ఉంది. చివర కట్టిన రేకు డబ్బా సగం నిండుగా ఉంది. బెలేన్ రెండు చేతులా ఎత్తబోయింది. భుజం దాటలేదు.

లోపలికొచ్చి గ్లాసు అందిస్తూ, "పై వరుసకి నీళ్ళెవరు పోస్తారమ్మా?" అని మెల్లగా అడిగింది.

కసిల్దా దగ్గు టక్కున ఆగిపోయింది.

"ఏంటి, ఏమైంది?" ఫెర్మీన్ అనుమానంగా తలెత్తాడు. చేతిలో కలం సిద్ధంగా ఉంది.

బెలేన్ ఆ కలం వైపు చూసింది.

"దగ్గడానిక్కూడా ఓపిక లేదు పాపం," అంది. "త్వరగా సంతకం పెట్టు."