కబురు చెప్పే మనిషి

"ఇంకా కొందరు రావాలన్నయ్యా. అందరూ వచ్చాకే మొదలుపెట్టు," అన్నాడు సాపార్, అన్న వీపు వెనక దిండు సర్దుతూ.

తుర్దుబెక్ తలాడించాడు. ఆదివారం కావడంతో ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డున పార్కంతా జనం. పిల్లలు నీళ్లలో కేకలు పెడుతున్నారు. ఉడికించిన మొక్కజొన్న పొత్తులు, పొగబెట్టిన చేపలు అమ్మేవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. చెట్ల నీడన పరిచిన ఈ దుప్పటి మీద మాత్రం ఎవరికీ రొట్టె ముక్క గొంతు దిగడం లేదు.

ఊళ్లో చావు కబురు చెప్పాల్సి వస్తే తుర్దుబెక్‌నే పిలుస్తారు. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ మాట చెప్పకూడదు. ఫోనులో అసలే చెప్పకూడదు. ఏదో వంకతో బయటికి తీసుకొచ్చి, అయినవాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టి, కడుపులో ఇంత పడ్డాక పెద్దవాడొకడు మెల్లగా చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు భయం పోలేదు. మాట నోరు దాటగానే ఎదుటి ముఖం మారిపోయే తీరు ఆయన్ని చాలాకాలం నిద్రపోనివ్వదు.

ఇవాళ ఆ ముఖం పొరుగింటి కోడలు బురుల్‌ది. ఆమె మొగుడు తాలాయ్, తుర్దుబెక్ ఒక్కగానొక్క కొడుకు ఎర్నిస్ ఒకే లారీ మీద పనిచేస్తారు. నిన్న కనుమ దగ్గర లారీ లోయలోకి దొర్లింది. తాలాయ్ పోయాడనీ, ఎర్నిస్ చెయ్యి విరిగి బయటపడ్డాడనీ పొద్దున సాపార్ వచ్చి చెప్పాడు.

"వాడితో ఒక్క మాట మాట్లాడించరా," అన్నాడు తుర్దుబెక్ గొంతు తగ్గించి.

"ఫోను లోయలో పడిపోయిందన్నానుగా. కట్టు కట్టించి నేరుగా ఇక్కడికే తీసుకొస్తారు."

ఇంతలో అక్క కలిపా వచ్చింది. వస్తూనే తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్కన కూలబడింది.

"ఆ మోకాళ్లతో ఇంత దూరం ఎందుకొచ్చావక్కా?"

"ఏం, సరస్సు నువ్వొక్కడివే కొనుక్కున్నావా?" అంటూ నవ్వబోయి దగ్గింది. చెయ్యి మాత్రం వదల్లేదు. తన భయం కనిపెట్టిందనుకున్నాడు. ఆ వేడి చేతికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

బురుల్ టీ పోసి అందించింది. "తీసుకోండి మావయ్యా. ఓ మాంసం ముక్క వేసుకోండి. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేరు."

ఇంకో కప్పు నింపబోతే టీ దుప్పటి మీద ఒలికింది. పిల్ల ఆయన కళ్లలోకి చూడటం లేదు. పసిగట్టేసింది పాపం, అనుకున్నాడు.

"పిల్లలేరమ్మా?"

"మా అత్తయ్య దగ్గర వదిలొచ్చాను."

పోనీలే, వాళ్లయినా చూడరు. అంతలోనే, అల్లా నా కొడుకుని ప్రాణాలతో వదిలిపెట్టాడు అన్న మాట మనసులో మెదిలింది. ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల చేతి టీ తాగుతూ అనుకోవాల్సిన మాటేనా అది?

"ఇక మొదలుపెట్టనా?" అని తమ్ముడి చెవిలో అడిగాడు.

"కాసేపాగన్నయ్యా."

"ఇంకెంతసేపురా? చెప్పేలోపే ఆ పిల్ల ప్రాణం పోయేలా ఉంది!"

తుర్దుబెక్ గొంతు సవరించుకున్నాడు. బురుల్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"తల్లీ, గూట్లోంచి ఎగిరిన పక్షులన్నీ సాయంత్రానికి తిరిగి రావు..."

"వద్దు మావయ్యా! మీరు చెప్పొద్దు!" బురుల్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని భోరుమంది. చుట్టాలంతా గబగబా దగ్గరికి జరిగారు. తుర్దుబెక్ ఆమె తల నిమిరాడు. మిగతా మాట ఎలా చెప్పాలి?

అప్పుడే రోడ్డు పక్కన ఓ కారు వచ్చి ఆగింది.

"ఎర్నిస్!" తుర్దుబెక్ తూలుతూ లేచి నిలబడ్డాడు. "వచ్చాడు, నా బిడ్డ వచ్చాడు!"

సాపార్ వెనకనుంచి ఆయన భుజాలు గట్టిగా పట్టుకున్నాడు. కారు తలుపు తెరుచుకుంది. తెల్లటి కట్టు కట్టిన చెయ్యి ముందుగా కనిపించింది. దాన్ని చూడగానే ముసలాయన కళ్లు చెమ్మగిల్లాయి.

దిగినవాడు తాలాయ్.